ల్యాప్‌టాప్ తెర: సొంత రిజల్యూషన్ తప్పినప్పుడు బొమ్మ చెదరడం

ప్రతి ల్యాప్‌టాప్ తెరకూ తయారీలోనే స్థిరపడిన చుక్కల లెక్క ఒకటి ఉంటుంది. అడ్డంగా 1366, నిలువుగా 768 కావచ్చు. 1920, 1080 కావచ్చు. దాన్నే నేటివ్ రిజల్యూషన్ అంటారు. ఈ వ్యాసంలో సొంత రిజల్యూషన్ అందాం. సెట్టింగుల్లోకి వెళ్లి మరో రిజల్యూషన్ ఎంచుకుంటే కొన్ని యంత్రాల్లో బొమ్మ కొంచెం మసకబారి ఊరుకుంటుంది. మరికొన్నింటిలో ఏటవాలుగా జారిపోతుంది, గళ్లుగళ్లుగా తెగుతుంది, ఒకటే బొమ్మ రెండుగా పడుతుంది, రంగులు తారుమారవుతాయి. సొంత రిజల్యూషన్‌కు తిరిగి రాగానే ఏమీ జరగనట్టే సర్దుకుంటుంది.

చూడటానికి కంగారు పుట్టించినా, ల్యాప్‌టాప్ లోపాల్లో ఆచూకీ సులువుగా దొరికేవాటిలో ఇదొకటి. బాగున్న స్థితికీ చెడిన స్థితికీ మధ్య మారింది ఒక్క రిజల్యూషనే కనుక, ఆ మార్పు తాకిన చోట వెతికితే చాలు. ఆ చోటు చాలామంది అనుకునేది కాదు. తెర చెదిరింది కనుక తెరే పోయిందని కొత్త ప్యానెల్ వేయించుకుని, అది కూడా అలాగే చెదిరితే తెల్లబోయేవారు ఎక్కువ.

కదలని చుక్కలు

చుక్కల ముగ్గు వేసేవారికి ఈ సంగతి విడమరచనక్కర్లేదు. పదిహేను చుక్కలు పెట్టిన వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గే పొందికగా కూర్చుంటుంది. పదకొండు చుక్కల ముగ్గును అవే చుక్కల మీద వాకిలి నిండేలా సాగదీసి వేయబోతే గీత పోయి పోయి చుక్కకూ చుక్కకూ నడుమ పడుతుంది. ఎల్‌సీడీ తెరలో చుక్కలు గాజు మీదే అచ్చయి ఉంటాయి. 1366×768 తెరలో 10,49,088 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలు మూడు. మొత్తం 31,47,264 చిన్న కిటికీలు, ఒక్కో కిటికీకి ఒక ట్రాన్సిస్టర్. వీటిలో ఏ ఒక్కటీ వెంట్రుకవాసి కూడా పక్కకు జరగదు.

పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్ల తీరు వేరు. అక్కడ ఎలక్ట్రాన్ పుంజం గీత వెనక గీత గీసుకుంటూ పోయేది. 480 గీతలు గీయమంటే 480, 768 గీయమంటే 768. 1987లో ఐబీఎం తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన వీజీఏ పద్ధతిలో అక్షరాల తెర 720×400, బొమ్మల తెర 640×480. ఒకే మానిటర్ రెండింటికీ ఇట్టే సర్దుకునేది. రిజల్యూషన్ మార్చుకోవడమనే అలవాటు ఆ కాలం నుంచి వచ్చింది. ఎల్‌సీడీ వచ్చాక గాజు మారిపోయింది, సెట్టింగుల్లో ఆ జాబితా మాత్రం అలాగే మిగిలింది.

లెక్క చూస్తే ఇబ్బంది స్పష్టం. 1920×1080 తెర మీద 1280×720 బొమ్మను పరిస్తే ఒక్కో చుక్క ఒకటిన్నర చుక్కల మేర ఆక్రమించాలి. అర చుక్క అనేది లేదు. కాబట్టి ఒక చుక్కను ఒకటిగా, పక్కదాన్ని రెండుగా వేయాలి; లేదా ఇరుగుపొరుగు రంగులను కలిపి మధ్యరకం రంగు పూయాలి. మొదటి దారిలో అక్షరాల గీతలు ఒకటి సన్నంగా, ఒకటి లావుగా వస్తాయి. రెండో దారిలో మసక వస్తుంది. 800×600 బొమ్మను 1366×768 తెరంతా పరిస్తే అడ్డంగా 1.71 రెట్లు, నిలువుగా 1.28 రెట్లు సాగుతుంది. గుండ్రని నాణెం కోడిగుడ్డవుతుంది. ఈ మసకా, ఈ సాగుడూ లోపాలు కావు. వాటికి మరమ్మతు లేదు, అవసరమూ లేదు. బొమ్మ గుర్తుపట్టలేనంతగా చెదిరితేనే వెతుకులాట మొదలుపెట్టాలి.

సాగదీసే పని ఎవరిది

ఈ విషయమంతటికీ కీలకం ఈ ప్రశ్న. బల్ల మీద పెట్టుకునే ఎల్‌సీడీ మానిటర్ లోపల స్కేలర్ అనే బోర్డు ఉంటుంది. కంప్యూటర్ ఏ కొలతలో బొమ్మ పంపినా దాన్ని తన చుక్కలకు తగ్గట్టు మలచుకునే పని దానిదే. తన వల్ల కాకపోతే పరిధి దాటిందని తెర మీద ఒక సందేశం చూపేదీ అదే.

ల్యాప్‌టాప్ మూతలో సాధారణంగా ఆ బోర్డు ఉండదు. పలుచదనం కోసం, ఖర్చు కోసం, బ్యాటరీ కోసం దాన్ని వదిలేశారు. గాజు అంచున ఉండే టైమింగ్ కంట్రోలర్‌కు తన సొంత కొలత ఒక్కటే తెలుసు. వచ్చిన సంకేతాన్ని వరుసలకూ నిలువులకూ పంచడమే దాని పని. కాబట్టి సాగదీయడం కేబుల్‌కు ముందే, గ్రాఫిక్స్ చిప్ లోపలే జరిగిపోవాలి. ఇంటెల్ పత్రాల్లో ఈ భాగాన్ని ప్యానెల్ ఫిట్టర్ అంటారు.

బొమ్మ నడిచే దారి ఇది. ప్రోగ్రాములు గీసినదంతా మెమరీలో ఫ్రేమ్‌బఫర్ అనే చోట చేరుతుంది. 800×600 ఎంచుకుంటే అక్కడ ఉండేది 800×600 బొమ్మే. చిప్‌లోని డిస్‌ప్లే విభాగం దాన్ని వరుస తర్వాత వరుసగా చదువుతుంది. చిప్‌లోని స్కేలర్, అంటే ఆ ప్యానెల్ ఫిట్టర్, దాన్ని సొంత కొలతకు సాగదీస్తుంది. ఆ తర్వాతే అది మడత కీలు గుండా పోయే సన్నని ఫ్లెక్స్ కేబుల్ ఎక్కి తెర చేరుతుంది.

దీని నుంచి తేలేది ఒకటుంది. మీరు 800×600 ఎంచుకున్నా 1280×720 ఎంచుకున్నా కేబుల్ మీద పోయేది ఎప్పుడూ సొంత రిజల్యూషన్ సంకేతమే. 1920×1080 తెరకు సెకనుకు 60 సార్లు చొప్పున పంపాలంటే పిక్సెల్ గడియారం సెకనుకు సుమారు 14 కోట్ల సార్లు కొట్టుకోవాలి. రిజల్యూషన్ తగ్గించినంత మాత్రాన ఆ భారం తగ్గదు. కనుక సొంత రిజల్యూషన్‌లో బొమ్మ నిక్కచ్చిగా ఉంటే కేబుల్, ప్యానెల్ రెండూ పరీక్ష నెగ్గినట్టే. దోషం వాటికంటే ముందు, చిప్‌లోనో డ్రైవర్‌లోనో మెమరీలోనో ఉంది.

ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. 144 హెర్ట్జ్ వంటి వేగవంతమైన తెరల్లో రిజల్యూషన్ మార్చగానే రిఫ్రెష్ రేటు కూడా మారిపోవచ్చు. అప్పుడు కేబుల్ మీద సంకేతం నిజంగానే మారుతుంది. ఇలాంటి తెర ఉన్నవారు ముందుగా సొంత రిజల్యూషన్‌లోనే ఉండి రిఫ్రెష్ రేటు ఒక్కదాన్నే మార్చి చూడాలి. అప్పుడూ చెదిరితే సమస్య రేటుది, రిజల్యూషన్‌ది కాదు.

డ్రైవర్ పొరపాటున స్కేలర్‌ను దాటించి 1024×768 సంకేతాన్ని నేరుగా ప్యానెల్‌కు పంపిందనుకోండి. పరిధి దాటిందని చెప్పే బోర్డు అక్కడ లేదు. పాపం, టైమింగ్ కంట్రోలర్ వచ్చినదాన్నే తన వరుసల్లో సర్దబోతుంది. చారలు, రెండేసి బొమ్మలు, తెల్లబోయిన తెర అలా పుడతాయి. గాజుకు వెంటనే ఏమీ కాకపోయినా, ఎక్కువసేపు అలా వదలకపోవడం మంచిది.

1366 తెచ్చిన చిక్కు

ఇన్ని కొలతల్లో 1366×768 మీద ప్రత్యేకంగా ఆగాలి. చాలా ఏళ్లపాటు చవక ల్యాప్‌టాప్‌లన్నీ దీనితోనే వచ్చాయి. మన ఇళ్లలో, కాలేజీ ల్యాబుల్లో ఇప్పటికీ పనిచేస్తున్నవి ఎన్నో. 768 వరుసలకు 16:9 నిష్పత్తి ప్రకారం అడ్డంగా 1365.33 రావాలి. దాన్ని 1366 చేశారు. ఆ సంఖ్య 8తో భాగిస్తే శేషం లేకుండా పోదు. కంప్యూటర్ తెరల ప్రమాణాలు మాత్రం ఎనిమిదేసి పిక్సెళ్ల లెక్కన అల్లుకున్నవి.

తెర తన వివరాలను కంప్యూటర్‌కు చెప్పుకునే చీటీ పేరు ఈడీఐడీ. వీసా అనే ప్రమాణాల సంఘం 1994లో దీన్ని స్థిరపరచింది. మూల చీటీ పొడవు 128 బైట్లు. అందులో వివరమైన టైమింగ్ రాసే చోట 1366ను ఉన్నదున్నట్టు రాయవచ్చు. కానీ ఒకే బైటులో కొలతను కుదించి రాసే చిన్న గడుల్లో అడ్డపు కొలతను 8తో భాగించి రాయాలి. అక్కడ 1366 పట్టదు. సీవీటీ అనే టైమింగ్ సూత్రం కూడా ఎనిమిదేసి లెక్కే. లినక్స్‌లో సీవీటీ ఆదేశానికి 1366, 768 ఇస్తే అది 1368×768కు టైమింగ్ చేతిలో పెడుతుంది. కొన్ని డ్రైవర్లు 1360 చూపేవి. రెండు పిక్సెళ్లు ఎక్కువైనా ఆరు తక్కువైనా తెరంతా మళ్లీ కొలవాల్సిందే, అందుకే అక్షరాలన్నీ మసకబారేవి. తెరది ఏ తప్పూ లేదు, యజమాని తెలిసి రిజల్యూషన్ మార్చిందీ లేదు. చివరికి లినక్స్ కెర్నెల్‌లో, చీటీ చదివేటప్పుడు 1368×768 కనిపిస్తే దాన్ని 1366గా దిద్దుకునే చిన్న సవరణ చేర్చారు.

మెమరీ వైపు చూస్తే చిక్కు ఇంకా స్పష్టం. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 1366 పిక్సెళ్ల వరుసకు 5,464 బైట్లు. చాలా చిప్‌లు వరుస పొడవు 64 బైట్ల గుణిజంగా ఉండాలని కోరతాయి. కనుక వరుసకు 5,504 బైట్లు కేటాయించి చివరి 40 బైట్లు ఖాళీగా వదులుతారు. ఈ 5,504ను స్ట్రైడ్ అంటారు. గీసేవాడు 5,504 అనుకుని, చదివేవాడు 5,464 అనుకుంటే ఒక్కో వరుసా ముందుదానికంటే 10 పిక్సెళ్లు పక్కకు జరుగుతుంది. మగ్గం మీద ఒక్కో పేకా పది పోగులు పక్కకు జరిగితే ఇక్కత్ చీర మీది చిలుక ఏమవుతుందో, తెర మీది కిటికీ కూడా అదే అవుతుంది: ఏటవాలు చారలు. 768 వరుసలు దిగేసరికి జరుగుడు 7,680 పిక్సెళ్లకు చేరుతుంది. అంటే బొమ్మ అయిదు చుట్లకు పైగా చుట్టుకుపోతుంది.

చెదిరిన తీరు చెప్పే సంగతులు

అందువల్ల చెదిరిన తెరను పారేయాల్సిన బొమ్మలా కాక ఆనవాలుగా చూడాలి. మొబైల్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే తర్వాత ఎంతో అక్కరకొస్తుంది.

బొమ్మ ఏటవాలుగా జారితే స్ట్రైడ్ లెక్క తప్పింది. అది డ్రైవర్ దోషమే; చిప్ చెడితే ఇంత క్రమంగా జారదు. బొమ్మ చిన్న చిన్న గళ్లుగా తెగి, గళ్లు ఒకదాని చోట ఒకటి పడితే టైలింగ్ తేడా. వేగం కోసం గ్రాఫిక్స్ చిప్‌లు బొమ్మను వరుసలుగా కాక పలకలుగా దాచుకుంటాయి. ఇంటెల్ వాడే ఒక రకం పలక 512 బైట్ల వెడల్పు, 8 వరుసల ఎత్తు, మొత్తం 4 కిలోబైట్లు. పలకలుగా దాచిన దాన్ని వరుసలుగా చదివితే గళ్ల దుప్పటి కనిపిస్తుంది.

బొమ్మ రెండుగా పడినా, ఒక నిలువు గీత విడిచి ఒకటి తప్పినా ఎల్‌వీడీఎస్ అనే పద్ధతిలో తెరకు సంకేతం పంపే పాత యంత్రాల్లో చానెళ్ల తేడాను అనుమానించాలి. పెద్ద తెరలకు సరి పిక్సెళ్లు ఒక చానెల్‌లో, బేసి పిక్సెళ్లు మరో చానెల్‌లో పోతాయి. ఒకే చానెల్ అనుకునే డ్రైవర్‌కూ రెండింటికోసం చూసే తెరకూ పొత్తు కుదరదు. అయితే ఈ లోపం సొంత రిజల్యూషన్‌లోనూ కనిపించాలి. తక్కువ రిజల్యూషన్‌లో మాత్రమే కనిపిస్తే, ఆ రిజల్యూషన్‌కు డ్రైవర్ స్కేలర్‌ను ఆపేసి కొత్త టైమింగ్ పంపుతోందని అర్థం. నీడలు మెట్లుమెట్లుగా విరిగి రంగులు వింతగా మారితే 18 బిట్ల తెరకు 24 బిట్ల సంకేతం వెళుతుండవచ్చు.

రంగులే మొత్తంగా మారిపోయే మరో కథ పాత ఆటలది. 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆట 256 రంగుల పట్టికతో నడిచేది. విండోస్ విస్టా, 7లలో ఆ పట్టికను వేరే ప్రోగ్రాము మార్చేయడంతో గడ్డి, నీళ్లు వింత రంగుల్లోకి మారేవి. ఆట మొదలవగానే రిజల్యూషన్ కూడా మారేది కనుక తప్పంతా దాని మీదికే పోయేది.

ఇవేవీ కాక, చెల్లాచెదురుగా రంగు చుక్కలు, చిన్న చతురస్రాలు, ప్రతిసారీ దాదాపు అదే చోట కనిపిస్తే మెమరీ మీదికి అనుమానం వెళ్లాలి. బయోస్ తెర నుంచి మొదలుకొని అన్ని రిజల్యూషన్లలోనూ ఒకే నిలువు గీత నిలబడితే అది ప్యానెల్ రోగం. దానికి ఈ వ్యాసంతో పని లేదు.

డబ్బు ఖర్చు కాని పరీక్షలు

మొదటిది స్క్రీన్‌షాట్. తెర చెదిరి ఉన్నప్పుడే స్క్రీన్‌షాట్ తీసి, సొంత రిజల్యూషన్‌కు తిరిగి వచ్చి తెరవాలి. స్క్రీన్‌షాట్‌ను మెమరీ నుంచి తీస్తారు. స్కేలర్, కేబుల్, గాజు దాని దారిలో లేవు. అది శుభ్రంగా ఉంటే గీయడం సరిగ్గానే జరిగింది, చదివి సాగదీసే చోట తప్పింది. అదీ చెదిరి ఉంటే గీసే చోటే, అంటే డ్రైవర్‌లోనో చిప్‌లోనో మెమరీలోనో దోషం. ఏ ఉపకరణం లేకుండా దారిని సగానికి కోసి చూపే ఈ పరీక్షను ఎవరూ వదులుకోకూడదు.

రెండోది బయోస్ తెర. పాత యంత్రాల్లో ఆన్ చేయగానే కనిపించే సెటప్ తెర 720×400 లేదా 640×480లో ఉంటుంది. అంటే ఆ క్షణంలోనే స్కేలర్ పనిచేస్తోంది. అది చక్కగా పరుచుకుంటే స్కేలర్ ఆరోగ్యంగా ఉంది, విండోస్‌లోనో లినక్స్‌లోనో ఉన్న డ్రైవర్‌దే తప్పు. కొత్త యూఈఎఫ్ఐ యంత్రాల్లో సెటప్ తెర సొంత రిజల్యూషన్‌లోనే రావచ్చు. అక్షరాలు పదునుగా, చిన్నవిగా ఉంటే ఈ పరీక్ష చెల్లదు.

మూడోది పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్. డిస్క్ మీది దేన్నీ తాకకుండా, పూర్తిగా వేరే డ్రైవర్‌తో అదే రిజల్యూషన్ పెట్టి చూడవచ్చు. రెండు వ్యవస్థల్లోనూ ఒకేలా చెదిరితే హార్డ్‌వేర్ వైపు తూకం మొగ్గుతుంది.

నాలుగోది బయటి మానిటర్. ఇక్కడ పొరపాటు తీర్పులు ఎక్కువ. బయటి మానిటర్‌లో 1024×768 చక్కగా వచ్చినంత మాత్రాన గ్రాఫిక్స్ చిప్ నిర్దోషి అని తేలదు. ఆ మానిటర్‌కు సొంత స్కేలర్ ఉంది కనుక చిప్‌లోని స్కేలర్‌కు అసలు పనే పడకపోయి ఉండవచ్చు. బయట కూడా చెదిరితేనే ఈ పరీక్ష గట్టిగా ఏదైనా చెబుతుంది.

మూతను మెల్లగా ముందుకు వెనక్కు కదిపి చూడటం అందరూ చేసేదే. కదిపినప్పుడల్లా బొమ్మ మారితే ఫ్లెక్స్ కేబుల్ నలిగింది. ఆ రోగం రిజల్యూషన్‌ను బట్టి రాదు, పోదు.

విండోస్‌లో

రిజల్యూషన్ మార్చగానే తెర చెదిరిందంటే చేయాల్సిన మొదటి పని ఏ మీటా నొక్కకపోవడం. 15 సెకన్లలో ఒప్పుకోకపోతే విండోస్ పాత రిజల్యూషన్‌కు దానంతట అదే వెళ్లిపోతుంది. కంగారులో ఎంటర్ నొక్కితే కొత్తదాన్ని ఒప్పుకున్నట్టయ్యే ప్రమాదం ఉంది. అలా ఇరుక్కుంటే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ మీటలు కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. క్షణం నల్లబడి తెర తిరిగి వస్తుంది. అదీ కుదరకపోతే బయటి మానిటర్ తగిలించి, లేదా సేఫ్ మోడ్‌లో తెరిచి సరిచేయాలి.

తర్వాత డ్రైవర్. డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని కనిపిస్తే అసలు డ్రైవర్ లేనే లేదు, ఫర్మ్‌వేర్ ఇచ్చిన కొలతతో కాలక్షేపం జరుగుతోంది. అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే రోల్ బ్యాక్ చేయడం తేలిక. ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లో ఆ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్, చిప్ తయారీదారు ఇచ్చే సాధారణ డ్రైవర్ రెండూ ప్రయత్నించాలి. పాత మోడళ్లకు మొదటిదే ఎక్కువ కుదురుతుంది.

గ్రాఫిక్స్ సెట్టింగుల్లో స్కేలింగ్ మూడు రకాలుగా ఉంటుంది: తెరంతా పరచడం, నిష్పత్తి చెడకుండా పెంచడం, పెంచకుండా మధ్యలో ఉంచడం. మధ్యలో ఉంచినప్పుడు బొమ్మ చుట్టూ నల్లని అంచులతో శుభ్రంగా వచ్చి, పరచినప్పుడే చెదిరితే దోషం సాగదీసే దశలో ఉన్నట్టు తేటతెల్లం. రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్న యంత్రాల్లో ఈ సెట్టింగ్ కోసం ఎన్‌విడియా ప్యానెల్‌లో వెతికి విసిగిపోతుంటారు. 2010లో వచ్చిన ఆప్టిమస్ పద్ధతిలో తెరకు బొమ్మ పంపేది ప్రాసెసర్‌లోని చిప్పే, కనుక వెతకాల్సింది ఇంటెల్ సెట్టింగుల్లో.

మనకు తెలియకుండా రిజల్యూషన్ మారే సందర్భం ప్రొజెక్టర్. విండోస్, పీ మీటలతో డూప్లికేట్ ఎంచుకోగానే రెండు తెరలకూ చెల్లే కొలత పెడతారు. ప్రొజెక్టర్‌ది 1024×768 అయితే ల్యాప్‌టాప్ తెర కూడా అందులోకి దిగుతుంది. సెమినార్ హాల్లో ఉన్నట్టుండి తెర చెదిరితే ఎక్స్‌టెండ్‌కు మారితే చాలు. రెండు తెరలూ ఎవరి సొంత కొలతలో అవి ఉంటాయి.

సొంత రిజల్యూషన్‌ను మించి పైకి పోవడమూ ఉంది. 2007లో ఆసుస్ వారి ‘ఈ పీసీ’ (Eee PC) 800×480 తెరతో నెట్‌బుక్‌ల కాలం మొదలైంది. తర్వాతివి 1024×600తో వచ్చాయి. 2012 నాటి విండోస్ 8 స్టోర్ యాప్‌లు కనీసం 1024×768 కోరడంతో చాలామంది రిజిస్ట్రీలో డౌన్‌స్కేలింగ్ విలువను 0 నుంచి 1కి మార్చుకున్నారు. 768 వరుసలను 600లోకి కుక్కితే ప్రతి అయిదింట్లో ఒక వరుసకు పైగా మాయమవుతుంది. యాప్ తెరుచుకునేది, దానిలోని సన్నగీతలు మాత్రం పోయేవి.

లినక్స్‌లో

ఇక్కడ లోపలి భాగాలు చేతికి అందుతాయి. ఇంటెల్ చిప్‌లకు 2009 నుంచి తెర కొలత పెట్టే పనిని కెర్నెల్ స్వయంగా చేస్తోంది. ఎక్స్‌ర్యాండర్ ఆదేశంతో ప్యానెల్‌కు ఉన్న స్కేలింగ్ గుణాన్ని చూసి మార్చవచ్చు. స్కేలర్ చెడిందని తేలితే ఒక మంచి పక్కదారి ఉంది: మోడ్‌ను సొంత రిజల్యూషన్‌లోనే ఉంచి, అదే ఆదేశంలోని స్కేల్ ఫ్రమ్ ఎంపికతో 1024×768 బొమ్మను పెంచమనడం. అప్పుడు పెంచే పని బొమ్మలు గీసే విభాగం చేస్తుంది, ప్యానెల్ ఫిట్టర్ జోలికే పోదు. ఇది కుదిరిందంటే రోగం ఎక్కడుందో కూడా తేలినట్టే.

ఎక్కడో చదివిన మోడ్‌లైన్ (టైమింగ్) అంకెలను ల్యాప్‌టాప్ ప్యానెల్‌కు పెట్టడం మాత్రం తగదు. అవి స్కేలర్ ఉన్న మానిటర్ల కోసం రాసినవి. తెర అక్కడక్కడా పాత ముక్కలతో నిలిచిపోతుంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్‌ను, ఫ్రేమ్‌బఫర్ కుదింపును ఒకదాని తర్వాత ఒకటి ఆపి చూడాలి. ఇంటెల్ డ్రైవర్‌కు రెంటికీ కెర్నెల్ ఎంపికలున్నాయి. కెర్నెల్ లాగ్‌లో ఫిఫో అండర్‌రన్ అనే మాట పదేపదే వస్తే, డిస్‌ప్లే విభాగానికి మెమరీ నుంచి వరుసలు వేళకు అందడం లేదన్నమాట. నోమోడ్‌సెట్ ఎంపిక తాత్కాలికంగా తెర చూపించడానికే. దాన్ని శాశ్వతంగా ఉంచుకుంటే స్కేలింగ్, వేగం రెండూ పోతాయి.

చిప్ వైపు

పరీక్షలన్నీ హార్డ్‌వేర్‌నే చూపిస్తే మొదట ర్యామ్ చూడాలి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న యంత్రాల్లో ఫ్రేమ్‌బఫర్ ఉండేది మామూలు ర్యామ్‌లోనే. రిజల్యూషన్ మారినప్పుడు దాని చోటూ మారవచ్చు. చెడిన గదులు అక్కడ తగిలితే తెర మీద కనిపిస్తాయి. ర్యామ్ తీసి, కాంటాక్టులను రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ బిగించి, మెమ్‌టెస్ట్ నడపడానికి ఒక రాత్రి చాలు.

విడి గ్రాఫిక్స్ చిప్ ఉన్న యంత్రాల్లో చిప్‌కూ దాని పీఠానికీ మధ్య ఉండే సన్నని టంకపు బొడిపెలు వేడికీ చల్లదనానికీ అలసి చిట్లిన సందర్భాలు పేరుపొందాయి. ఎన్‌విడియా 2008 జులైలో తన ల్యాప్‌టాప్ చిప్‌ల ప్యాకేజీ లోపాల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. ఆపిల్ 2015 ఫిబ్రవరిలో, 2011 నుంచి 2013 దాకా అమ్మిన కొన్ని మ్యాక్‌బుక్ ప్రోలకు తెర చెదిరే లోపాన్ని ఉచితంగా మరమ్మతు చేసే పథకం తెచ్చింది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ బజార్లలో చిప్ లెవల్ సర్వీస్ అంటే ఇలాంటి పనే. హాట్ ఎయిర్‌తో చిప్‌ను వేడి చేస్తే చిట్లిన అతుకు తాత్కాలికంగా కలుసుకుంటుంది. కొన్ని వారాలకో నెలలకో మళ్లీ విడిపోవడమే ఎక్కువ. చిప్‌ను ఎత్తి కొత్త బంతులు వేసే రీబాలింగ్ బయటి అతుకులను సరిచేస్తుంది, లోపలి బొడిపెలను కాదు. కొత్త చిప్ వేయడమే నిలిచే మరమ్మతు. దుకాణానికి వెళ్లేముందు స్క్రీన్‌షాట్, మొబైల్ ఫొటో, బయోస్ తెర ఫొటో మూడూ వెంట తీసుకెళితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది, ప్యానెల్ మార్చాలన్న మాటా అంత తొందరగా రాదు.

అక్షరాలు పెద్దవి కావాలంటే

రిజల్యూషన్ తగ్గించేవారిలో ఎక్కువమంది కోరేది ఒక్కటే, అక్షరాలు పెద్దగా కనిపించాలని. అది న్యాయమైన కోరిక. 15.6 అంగుళాల తెరలో 1366×768 అంటే అంగుళానికి సుమారు 100 పిక్సెళ్లు. అదే తెర 1920×1080 అయితే 141. పది అక్షరాలు పట్టిన జాగాలో పద్నాలుగు ఇరుక్కుంటాయి. నలభై దాటిన కళ్లకు అది కష్టమే.

తెలుగు చదివేవారికి మరీ కష్టం. రకారానికి, ఠకారానికి తేడా ప్రధానంగా లోపలి చుక్కే. ధకారానికి, థకారానికి కూడా అంతే. చిన్న అక్షరాల్లో ఆ చుక్కకు దక్కేది ఒకటో రెండో పిక్సెళ్లు. రిజల్యూషన్ తగ్గించి సాగదీసినప్పుడు ఆ చుక్క ఇరుగుపొరుగు రంగుల్లో కలిసిపోతుంది. వత్తులు కింది వరుసలో ముద్దవుతాయి. పైగా మైక్రోసాఫ్ట్ క్లియర్‌టైప్ పద్ధతి అక్షరపు అంచులను పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాల లెక్కతో నునుపు చేస్తుంది. సాగదీతతో ఆ లెక్క చెదిరి అక్షరాల చుట్టూ రంగు అంచులు పడతాయి. పెద్దగా కనిపించాలని చేసిన పని చదవడాన్ని ఇంకా కష్టం చేస్తుంది.

దీనికి సరైన దారి రిజల్యూషన్‌ను సొంత కొలతలో వదిలి, స్కేలింగ్‌ను 125 లేదా 150 శాతానికి పెంచడం. అప్పుడు బొమ్మను సాగదీయరు; అక్షరాన్నే ఎక్కువ పిక్సెళ్లతో కొత్తగా గీస్తారు. ప్యానెల్ ఫిట్టర్‌కు పని ఉండదు, అది చెడిన యంత్రంలో కూడా ఇది నిక్షేపంగా పనిచేస్తుంది. కొన్ని పాత ప్రోగ్రాములు ఈ శాతాలను పట్టించుకోక మసకగా వస్తాయి. మసక ఆ ఒక్క కిటికీకే పరిమితం.

2012 జూన్‌లో వచ్చిన 15 అంగుళాల రెటీనా మ్యాక్‌బుక్ ప్రో ఈ ఆలోచనను మరో మెట్టు ఎక్కించింది. తెర 2880×1800. వాడేవారు 1680×1050 అంత జాగా కావాలంటే వ్యవస్థ లోపల 3360×2100 బొమ్మ గీసి, దాన్ని 2880×1800కు కుదిస్తుంది. ప్యానెల్ తన సొంత కొలత వదలదు. జాబితాలో ఏది ఎంచుకున్నా చుక్కలు ఇంత దట్టంగా ఉండటంతో ఠకారం నడుమ చుక్కకు ఒక పిక్సెల్ బదులు నాలుగైదు దక్కుతాయి, కుదించినా అది చెరిగిపోదు.